సున్నం తాగిన గాలి

1941 ఎండాకాలం. కోయిలకుంట్ల వైపు ఒక మిషన్ ఆసుపత్రిలో నేను ల్యాబొరేటరీ టెక్నీషియన్‌ని. పేరుకు ల్యాబొరేటరీ గానీ, అది మందుల గదికి వెనక ఉన్న పదడుగుల గది. ఒక మైక్రోస్కోపు, ఒక స్పిరిటు దీపం, కిరసనాయిలు దీపంతో వేడెక్కే రాగి ఇంక్యుబేటర్, అంతే నా ఆస్తి. ఇంక్యుబేటర్ అంటే మనిషి ఒంటి వేడిని పట్టి ఉంచే పెట్టె. రోగి రక్తంలో ఉన్న సూక్ష్మజీవులకు మేత పెట్టి అందులో పెంచుతాం. ఆ పెంపకాన్నే కల్చర్ అంటారు. చలిదేశాల వాళ్ళు రాసిన పుస్తకాల్లో ఆ పెట్టెను వెచ్చగా ఎలా ఉంచాలో పేజీలకు పేజీలు ఉంటుంది. మా ఎండలకు చల్లగా ఎలా ఉంచాలో ఒక్క ముక్క ఉండదు. నేను దీపం ఆర్పేసి, తడి గోనెపట్టలు కప్పి, గంటకోసారి నీళ్ళు చల్లేదాన్ని.

మాది నందికొట్కూరు దగ్గర పల్లె. అమ్మానాయనా కూలికి పోయేవాళ్ళు. మిషన్ బడి పుణ్యమా అని చదువుకుని, రెండేళ్ళు ఈ పని నేర్చుకున్నాను. ఆడపిల్లకు, అందులోనూ కూలోళ్ళ పిల్లకు మైక్రోస్కోపెందుకని మొహాన్నే అన్నవాళ్ళు ఉన్నారు. వాళ్ళతో వాదించలేదు, రమ్మని పిలిచి స్లైడు చూపించాను. నాకు నోరు ఎక్కువని ఆసుపత్రిలో పేరు. ఆ పేరు నేను కష్టపడి సంపాదించుకున్నదే కాబట్టి పోగొట్టుకోదలచలేదు.

ఆ ఏడు మగవాళ్ళ వార్డులోకి మస్తాన్ అనే సున్నం మేస్త్రీ వచ్చాడు. నలభై అయిదేళ్ళుంటాయి. వంతెనలు కట్టే ఒక కంపెనీలో సున్నం కాల్పించడం, నానబెట్టించడం, గచ్చు కలిపించడం అతని పని. రెండు నెలలుగా జ్వరం. సాయంత్రమయ్యేసరికి ఒళ్ళు కాలిపోతుంది, తెల్లారేసరికి చెమటలు పట్టి చల్లబడుతుంది. నడుము నొప్పి, కీళ్ళ నొప్పి. పది రోజులు అలా పీడించి, నాలుగు రోజులు వదిలేసి, మళ్ళీ పట్టుకుంటుంది.

పెద్ద డాక్టరు గారు రౌండ్సుకు వచ్చేది పొద్దున. అప్పుడు థర్మామీటర్ పెడితే జ్వరం ఉండదు. మలేరియాకు స్లైడు చూశాను, లేదు. క్షయకు కఫం చూశాను, లేదు. టైఫాయిడ్ పరీక్షా తేలలేదు. క్వినైన్ ఇస్తే చెవులు గింగురుమన్నాయే తప్ప జ్వరం కదల్లేదు. సాయంత్రం నర్సు రాసిన జ్వరం చార్టు చూసి డాక్టరు గారు నవ్వారు. ఆయన కృష్ణా జిల్లా నుంచి వచ్చినవారు, చదువు మద్రాసులో. పని తెలిసిన మనిషే గానీ, తనకు తెలియని జబ్బు ఉండడమే తప్పన్నట్టు మాట్లాడేవారు.

"వేడి టీ నోట్లో పోసుకుని థర్మామీటర్ పెట్టించుకుంటే నాకూ నూటరెండు వస్తుంది. ఇది పని ఎగ్గొట్టే జబ్బు, రూతమ్మా" అన్నారు, వార్డంతా వినబడేలా.

కంపెనీ వాళ్ళకూ అదే అనుమానం. మస్తాన్ జేబులో వాళ్ళ గుమాస్తా రాసిన ఉత్తరం ఉంది. వచ్చే నెలాఖరులోగా జబ్బు పేరు రాసి డాక్టరు సంతకం పెట్టిన కాగితం తేకపోతే పనిలోంచి పేరు కొట్టేస్తారు, కంపెనీ లైన్లో ఉన్న ఇల్లు ఖాళీ చేయాలి. ఇరవై రెండేళ్ళ పనికి అది మర్యాద.

అతను దొంగ జబ్బు మనిషో కాదో నేనే తేల్చుకుందామని ఒక సాయంత్రం వెళ్ళి, టీ నీళ్ళు ఏవీ దగ్గర లేకుండా చూసి, థర్మామీటర్ చంకలో పెట్టి, పక్కనే నిలబడ్డాను. నూటమూడు.

"సూస్తివా తల్లీ?" అన్నాడు మస్తాన్. "నేను పని దొంగనైతే ఇరవై రెండేండ్లు ఆ బట్టీ మంట కాడ నిలబడ్తానా? నాకు జొరం ఉండాది. దానికి పేరు లేకపోతే అది నా తప్పా?"

అప్పుడు అతని చేతులు చూశాను. సున్నం తిన్న చేతులు. వేళ్ళ సందుల్లో నెర్రెలు, కొన్ని ఇంకా పచ్చిగా ఉన్నాయి. ఆ నెర్రెల్లోంచి ఏ రోగమైనా ఒంట్లోకి పోయిందేమోనని, ఇంట్లో పశువులున్నాయా అని అడిగితే అతని భార్య హుసేన్‌బీ చెప్పింది.

"రెండు ఆవులుండాయమ్మా. ఉగాదికి ముందర రెండూ ఈసుకపోయినాయి. సచ్చిన దూడల్ని ఈయప్పే చేత్తో తీసినాడు. ఆ తర్వాత నెల తిరక్కుండానే ఈ జొరం."

పశువులు ఈసుకుపోయే, అంటే నెలలు నిండకుండానే దూడను వేసేసే రోగం మనుషులకూ అంటుతుందని, ఇలాగే సాయంత్రాలు జ్వరం పెట్టి నెలల తరబడి పీడిస్తుందని శిక్షణలో విన్నాను. ఆ సూక్ష్మజీవి పేరు బ్రూసెల్లా. మా ఆసుపత్రిలో ఎవరూ దాన్ని చూసి ఉండలేదు. డాక్టరు గారికి చెప్పాను. ఆయన కొంచెం ఆలోచించి, రక్తం మద్రాసుకు పంపడానికి ఒప్పుకున్నారు. పంపితే ఆ ఎండకు రైల్లోనే చెడిపోయిందని జవాబు వచ్చింది. ఇక నేనే కల్చర్ పెడతానన్నాను. "పెట్టు, ఎవరొద్దన్నారు" అన్నారు.

వద్దన్నది ఆ సూక్ష్మజీవే. ఆవుల నుంచి వచ్చే ఈ రకం మామూలు గాలిలో పెరగదు. పది పాళ్ళ గాలిలో ఒక పాలు కార్బన్ డయాక్సైడ్, అంటే మనం ఊపిరి వదిలినప్పుడు బయటికి పోయే గాలి, కలిపి ఇవ్వాలి. తక్కువైతే పెరగదు, మరీ ఎక్కువైనా పాడే. పెద్ద ఆసుపత్రుల్లో ఆ గాలి సిలిండర్లలో ఉంటుంది. మాకు సిలిండర్ అంటే బొమ్మలో చూడడమే. పాలరాయి ముక్కల మీద యాసిడ్ పోస్తే అదే గాలి వస్తుందని పుస్తకంలో ఉంది. యుద్ధం రోజుల్లో నాకు పాలరాయి ఎవరు పంపుతారు? వరండాలో పగిలిపోయిన బేతంచెర్ల బండ కనిపించింది. అదీ సున్నపురాయే. సుత్తితో ఒక మూల కొట్టి తెచ్చుకున్నాను.

అంగట్లో మిఠాయి పెట్టే పెద్ద గాజుజాడీని నీళ్ళతో నింపి, ఎన్ని గ్లాసులు పట్టిందో కొలిచాను. ఎంత రాయికి ఎంత గాలి వస్తుందో లెక్క కట్టాను. మొదటిసారి తొందరపడి పెద్ద ముక్క వేస్తే యాసిడ్ నురగలు కక్కి, మూత ఎగిరి నా ముక్కుకు తగిలింది. లెక్క మళ్ళీ వేస్తే కుంకుడుగింజంత రాయి చాలని తేలింది. కల్చర్ ప్లేట్లు జాడీలో పేర్చి, చిన్న సీసాలో యాసిడ్ పెట్టి, అందులో రాయి వేసి, నురగ అణిగే దాకా మూత వదులుగా ఉంచి, తర్వాత మైనం పూసి బిగించాను. ప్లేటంటే మేత గట్టిపడేలా పోసిన గాజు పళ్ళెం. సూక్ష్మజీవి పెరిగితే దాని మీద చుక్కలు చుక్కలుగా కనిపిస్తుంది.

ఇంకో చిక్కు ఉంది. మూసిన జాడీలో ప్లేట్లకు చెమట పడుతుంది. ఆ నీటిబొట్లు జారితే పెరిగినదంతా కలగాపులగమైపోతుంది. దానికి నా దగ్గర సొంత ఉపాయం ఉంది. మా అమ్మ విత్తనాల కుండలో చెమ్మ చేరకుండా కాల్చిన సున్నపుగడ్డ గుడ్డలో కట్టి పెట్టేది. మా పల్లెలో ప్రతి ఇంట్లో చేసే పనే. నేనూ ఒక సున్నపుగడ్డ మూట కట్టి జాడీలో అడుగున పెట్టాను. ప్లేట్లు పొడిగా, అద్దాల్లా ఉన్నాయి. డాక్టరు గారు కూడా చూసి, "భలే ఉపాయమే!" అన్నారు. ఆయన నన్ను మెచ్చుకున్నది ఆ ఏడాదిలో అదొక్కసారే. ఆ పొంగు నాకు రెండు రోజులు దిగలేదు.

పద్నాలుగు రోజులు గడిచాయి. ప్లేట్ల మీద ఒక్క చుక్క లేదు.

డాక్టరు గారు రిజిస్టరు నా ముందుకు తోశారు. "రాయి. బ్రూసెల్లా లేదు. రేపు పొద్దున డిశ్చార్జి."

"పెరగలేదని రాస్తాను సార్. లేదని రాయను."

"రెండింటికీ తేడా ఏమిటి?"

"శానా ఉంది సార్. పెరగలేదన్నది నేను చూసింది. లేదన్నది నేను చూడంది."

ఆయనకు కోపం వచ్చింది. వార్డులో మంచానికి ఎంతమంది కాచుకుని ఉన్నారో తెలుసా అన్నారు. నా హద్దు నాకు తెలియాలన్నారు. అవన్నీ విని, కలం తీసుకుని 'పెరగలేదు' అని మాత్రం రాసి, రిజిస్టరు మూసేశాను. బయటికి ధీమాగానే వచ్చాను గానీ, గదిలోకి వచ్చి కూర్చున్నాక ఏడుపొచ్చింది. రాయి, యాసిడ్, జాడీ కొలత అన్నీ మళ్ళీ మళ్ళీ లెక్క వేశాను, తప్పు దొరకలేదు. తప్పు లేకపోతే డాక్టరు గారు అన్నదే నిజమవుతుంది.

ఆ మధ్యాహ్నం మస్తాన్ గోడ పట్టుకుని నడుచుకుంటూ నా గది వరండాలోకి వచ్చాడు. డిశ్చార్జి సంగతి నర్సు చెప్పిందట.

"ఏం తల్లీ, నువ్వు గూడా నన్ను దొంగని రాసినావా?"

"రాయలేదప్పా. కానీ పెరగలేదు. నేనేం చేసేది?"

"అంతా సరింగానే చేస్తివా?"

ఎవరైనా ఆ మాట అంటే నేను మీదపడేదాన్ని. అతన్ని మాత్రం కిటికీ దగ్గర కూర్చోబెట్టి జాడీ చూపించాను. రాయి నుంచి గాలి తీయడం, ఆ గాలి లేకపోతే అది పెరగకపోవడం, అన్నీ చెప్పాను. అతను రాయి ముక్క చేతిలోకి తీసుకుని గుర్తుపట్టాడు. "బేతంచెర్ల రాయి. దీన్ని కాలిస్తే మంచి సున్నం వస్తాది" అన్నాడు. జాడీలోంచి తీసి కిటికీలో పడేసిన సున్నం మూట అతని కంటపడింది.

"ఇదెందుకుండాది దీంట్లో?"

చెమ్మకు పెట్టానని చెప్పాను. అతను మూట విప్పాడు. గడ్డ పైన తెల్లగా పెంకు కట్టి ఉంది. ఆ పెంకు ముక్క విరిచి నాలుక మీద పెట్టుకున్నాడు. నేను వద్దని అరిచేలోపే చప్పరించి ఉమ్మేశాడు.

"నాలిక కాలల్యా. ఇది సచ్చిన సున్నం తల్లీ. మేము నానేసిన సున్నం మీద బెత్తెడు నీళ్ళు నిలబెడ్తాం, ఎందుకనుకున్నావు? గాలి తగలకూడదని. సున్నం గాలి తాగుతాది. తాగి తాగి మళ్ళా రాయైపోతాది. గోడకు పూసింది గట్టిపడేది అందుకే గదా!"

నేను ఆ పెంకు చేతిలోకి తీసుకున్నాను. రాయిని కాల్చినప్పుడు అందులోంచి పోయే గాలి ఏది? అదే కార్బన్ డయాక్సైడ్. సున్నం మళ్ళీ రాయి కావడానికి తాగే గాలి ఏది? అదే. నేను ఒక చేత్తో రాయి నుంచి గాలి తీసి జాడీలో పోశాను, ఇంకో చేత్తో దాన్ని తాగేసేదాన్ని తెచ్చి అడుగున కూర్చోబెట్టాను. ఈ పాఠం నేను పుస్తకంలో చదివిందే. సున్నపుతేటలోకి ఊపిరి ఊదితే పాలలా తెల్లబడుతుందని పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. అమ్మ కుండలోని సున్నానికీ ఆ పాఠానికీ సంబంధం ఉందని మాత్రం నా బుర్రకు తట్టలేదు.

సిగ్గుతో చచ్చిపోయాను, కానీ ఆ సిగ్గు కింద బ్రహ్మాండమైన సంతోషం కూడా ఉంది. తప్పు దొరికింది!

మందుల గది నుంచి రెండు సీసాల సున్నపుతేట తెచ్చాను. రెండు జాడీల్లో ఒకే కొలతకు రాయి, యాసిడ్ వేశాను. ఒకదాంట్లో కొత్త సున్నం మూట పెట్టాను, ఇంకోదాంట్లో పెట్టలేదు. మర్నాడు పొద్దున, డిశ్చార్జి కాగితం మీద సంతకం పడకముందే, డాక్టరు గారిని నా గదికి రమ్మన్నాను. రానన్నారు. జాడీలు రెండూ ఎత్తుకుని నేనే వార్డు మధ్యలోకి పోయి బల్ల మీద పెట్టాను. చెవులు కడిగే రబ్బరు బుడ్డితో సున్నం లేని జాడీలో గాలి పీల్చి, సున్నపుతేటలోకి వదిలాను. తెల్లగా పాలలా అయింది. సున్నం మూట ఉన్న జాడీ నుంచి పీల్చి వదిలాను. తేట తేటగానే ఉండిపోయింది. వార్డులో ఉన్నవాళ్ళందరూ మంచాల మీద లేచి కూర్చుని చూస్తున్నారు.

డాక్టరు గారు ఆ రెండు సీసాలనూ వెలుగుకు పట్టి చూశారు.

"అంటే తప్పు నీదేగా?" అన్నారు.

"నాదే సార్. అందుకే శిక్ష ఆయనకు పడకూడదంటున్నా."

"ఇది నువ్వు అందరి ముందూ చెప్పుకోవాల్సిన పని ఏముంది?"

"ఆయన్ని దొంగ జబ్బన్నది కూడా అందరి ముందే కదా సార్."

ఆ మాట అన్నాక నా ఉద్యోగం పోయిందనే అనుకున్నాను. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. "పది రోజులు" అన్నారు. "నెలాఖరుకు అంతకంటే లేదు. మంచం మాత్రం ఇవ్వను. పదకొండో రోజు లేదని రాస్తావు."

"పదకొండో రోజు కూడా చూసిందే రాస్తాను సార్."

మస్తాన్ అప్పటికే చాప చుట్టుకుంటున్నాడు. "మంచం లేకుంటే నేల ఉండాదిలే సారూ" అని, వరండాలో నా గది గుమ్మం పక్కనే పరుచుకున్నాడు. ఆ సాయంత్రం జ్వరం బాగా ఎక్కి ఒళ్ళు వణుకుతున్నప్పుడు మళ్ళీ రక్తం తీశాను. జాడీలో ఈసారి సున్నం లేదు. చెమట నీళ్ళు జారకుండా ప్లేట్లను బోర్లించి పెట్టాను, మూతల్లో అద్దుడు కాగితం ముక్కలు వేశాను. రోజూ పొద్దున ప్లేట్లు చూడడానికి జాడీ తెరిచినప్పుడల్లా కొత్త రాయి, కొత్త యాసిడ్. మూత పెట్టాక కొంచెం గాలి లాగి సున్నపుతేటలో చూసుకునేదాన్ని. తెల్లబడితేనే అక్కణ్ణుంచి కదిలేదాన్ని.

హుసేన్‌బీ వరండా చివర మూడు రాళ్ళ పొయ్యి పెట్టి సంగటి వండేది. రోజూ ఒకే ప్రశ్న అడిగేది. "మొలిసినాదా అమ్మా?" లేదని చెప్పి చెప్పి ఏడో రోజుకు ఆమె మొహం చూడలేక వెనక గుమ్మం నుంచి వెళ్ళాను. ఎనిమిదో రోజు మస్తానే అన్నాడు, "మొలవకుంటే మొలవకపోనీలే తల్లీ. నువ్వు నన్ను నమ్మితివి, సాలు." అది నాకు చాలదు. నేను నమ్మితే కంపెనీ వాళ్ళు ఇల్లు ఉంచుతారా?

తొమ్మిదో రోజు పొద్దున ప్లేటు కిటికీ వెలుగుకు పట్టి వంచాను. తేనెచుక్కల్లా, సూదిమొనంత, నిగనిగలాడుతూ అయిదారు చుక్కలు. ప్లేటు జాగ్రత్తగా బల్ల మీద పెట్టాను. స్లైడు చేసి, రంగు పట్టించి చూశాను. చిన్న చిన్న కడ్డీలు, ఎర్రగా, బ్రూసెల్లా ఉండాల్సినట్టే. మస్తాన్ రక్తపు తేటతో కలిపి చూస్తే గుంపులు గుంపులుగా అతుక్కున్నాయి. ఈ రక్తం ఈ సూక్ష్మజీవిని ఎరుగునని దానర్థం.

డాక్టరు గారు మైక్రోస్కోపు ముందు కూర్చుని ఒక కన్ను మూసుకుని చూశారు. స్లైడు అటూ ఇటూ జరిపి మళ్ళీ చూశారు. కాగితం తీసుకుని జబ్బు పేరు తన చేత్తోనే పెద్ద అక్షరాలతో రాసి, ఇది నిజమైన జబ్బు, నెలల తరబడి విశ్రాంతి కావాలి అని చేర్చి, సంతకం పెట్టారు. కాగితం మస్తాన్ చేతికిచ్చేటప్పుడు, "పాలు కాచుకుని తాగండి, ఈసుకుపోయినవాటిని వట్టి చేతుల్తో ముట్టుకోవద్దు" అన్నారు. ఆయన నుంచి వచ్చిన క్షమాపణ అదేనని నేను అనుకున్నాను. మస్తాన్ అలా అనుకోలేదు. "సారూ, మంచం మీద ఉన్నోళ్ళకు గూడా ఒక మాట సెప్పి పోండి, నాది దొంగ జొరం కాదని" అన్నాడు. డాక్టరు గారు ఎర్రబడ్డారు. అయినా వార్డు గుమ్మంలో నిలబడి, ఆ మాట అందరికీ వినబడేలా చెప్పారు.

కంపెనీలో ఏం జరిగిందో తర్వాత హుసేన్‌బీ చెప్పింది. కాగితం చదివి మేనేజరు, ఇలాంటి జబ్బు పేరే మేమెప్పుడూ వినలేదన్నాడట. "నువ్వు ఇనకపోతే నా జొరం లేకుండా పోతాదా?" అన్నాడట మస్తాన్. ఇరవై రెండేళ్ళు ఆ కంపెనీలో నోరెత్తని మనిషి. పేరు కొట్టెయ్యలేదు. ఇల్లూ నిలిచింది. ఆ జబ్బుకు అప్పట్లో సరైన మందు లేదు. జ్వరం ఇంకో మూడుసార్లు వచ్చి, ప్రతిసారీ కొంచెం తగ్గుతూ, వానలు వెనకబట్టేసరికి వదిలేసింది. అతను మళ్ళీ బట్టీ దగ్గరికి పోయాడు, ఈసారి చేతులకు ఆముదం రాసుకుని, గుడ్డలు చుట్టుకుని.

దసరా తర్వాత ఒకరోజు సున్నం కుండ ఎత్తుకుని వచ్చి, వద్దన్నా వినకుండా నా గదికి వెల్ల వేశాడు. వెళ్ళేటప్పుడు గోడ మీద తట్టి, "ఇది తాగనీ తల్లీ గాలి, ఎంత గావాల్నో అంత. జాడీలో మాత్రం పెట్టొద్దు" అని నవ్వాడు.

ఇది జరిగి ఆరేళ్ళయింది. ఇప్పుడు నా దగ్గర పని నేర్చుకునే అమ్మాయిలు ముగ్గురున్నారు. కొత్తగా వచ్చిన ప్రతి అమ్మాయికీ నేను మొదట మైక్రోస్కోపు చూపించను. పాత రిజిస్టరు తీసి మస్తాన్ పేరున్న పేజీ చూపిస్తాను. అక్కడ రెండు వరుసలున్నాయి. పై వరుస కొట్టెయ్యమని, ఆసుపత్రికి పరువు తక్కువని డాక్టరు గారు రెండుసార్లు చెప్పారు. రెండుసార్లూ కొట్టెయ్యనన్నాను. పైగా ఖాళీ ఉన్న చోట ఇంకో మాట చేర్చాను. చూసింది రాయడానికి ఎవరికీ భయపడొద్దని, అందులో ముందుగా మన తప్పే రాయాల్సి వస్తే అసలే భయపడొద్దని ఆ పేజీ నాకు నేర్పింది.

పై వరుసలో ఇలా ఉంటుంది: పెరగలేదు. జాడీలో సున్నం పెట్టినందువల్ల. తప్పు రూతమ్మది.

కింది వరుసలో ఒక్క మాటే ఉంటుంది. పెరిగింది.